సమ్మతి అడగని ఇల్లు: శ్రీరాంపూర్ మిషనరీ కుటుంబం చెప్పే చరిత్ర

మత మార్పిడులపై దేశంలో చర్చ లేచిన ప్రతిసారీ విదేశీ మిషనరీ రెండు మూసల్లో ఏదో ఒకదానిలో దర్శనమిస్తాడు. ఒక వర్గానికి అతడు సామ్రాజ్యానికి ముందు నడిచిన వేగు. మరో వర్గానికి అచ్చుయంత్రాన్ని, బడిని, సంస్కరణను వెంటబెట్టుకొచ్చిన మహనీయుడు. రెండు చిత్రాల్లోనూ అతని ఇల్లు కనిపించదు. ఆ ఇంట్లో ఎవరు వండారో, ఎవరు సంపాదించారో, ఎవరి పిల్లలు చనిపోయారో, ఎవరు ఏమి కోల్పోయారో రెండు పక్షాలకూ అక్కర లేదు. బెంగాల్‌లో విలియం కేరీ కుటుంబం గడిపిన తొలి పదిహేనేళ్లను ఇంటి గడప లోపలి నుంచి చూస్తే ఈ రెండు మూసలూ చాలవని తెలుస్తుంది.

కేరీ 1761లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో పుట్టారు. చెప్పులు కుట్టి బతికిన మనిషి. సొంతంగా భాషలు నేర్చుకుని, బాప్టిస్టు సంఘంలో బోధకుడయ్యారు. 1792 అక్టోబరు 2న కెటరింగ్ పట్టణంలో పట్టుమని పదిహేను మంది కూడా లేని ఒక సమావేశం మిషనరీ సొసైటీని స్థాపించింది. ఆ రోజు పోగైన చందా హామీలు 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఆ సొమ్ముతో ప్రపంచాన్ని మార్చాలనుకున్న వారి పట్టుదలను చరిత్ర గ్రంథాలు ఘనంగా వర్ణించాయి. కేరీ భార్య డొరొతీ గురించి మాత్రం చాలాకాలం నాలుగు ముక్కలతో సరిపెట్టాయి. 1992లో జేమ్స్ బెక్ ఆమె పేరిట ప్రత్యేకంగా ఒక జీవితచరిత్ర రాసేవరకు ఆ లోటు అలాగే ఉండిపోయింది.

డొరొతీ భర్త కంటే వయసులో పెద్ద. 1781లో పెళ్లినాడు రిజిస్టరులో సంతకం చేయలేక గీత గీసిన గ్రామీణ స్త్రీ. ఇద్దరు కూతుళ్లను అప్పటికే పోగొట్టుకుని, మరో బిడ్డను కడుపులో మోస్తున్న సమయంలో తాను బెంగాల్ వెళ్తున్నానని భర్త చెప్పారు. ఆమె రానన్నారు. కేరీ పెద్దకొడుకు ఫీలిక్స్‌ను మాత్రం వెంటబెట్టుకుని ఓడ ఎక్కారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం లేదన్న కారణంతో ఆ ఓడ వారిని తీరంలోనే దించేసింది. మరో ఓడ దొరికేలోగా ఆయన సహచరుడు, వైద్యుడు జాన్ థామస్ ఆమెను ఒప్పించబూనారు. ఒకసారి కాదన్న ఆమె, రెండోసారి అడిగినప్పుడు చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే వస్తానన్న షరతుపై తలూపారు. అప్పటికి చంకలో ఉన్న పసివాడికి నెల నిండీ నిండలేదు. సర్దుకోవడానికి దొరికింది కొద్ది గంటలు. 1793 జూన్ 13న డెన్మార్క్ ఓడ బయలుదేరింది. నవంబరు 11న కలకత్తా చేరింది.

ఇక్కడ ఒక రాజకీయ వాస్తవాన్ని గమనించాలి. ఆనాటి కంపెనీ తన భూభాగంలో మిషనరీలను కోరుకోలేదు. వర్తకానికీ పన్నుల వసూలుకూ భంగం కలిగించే ఏ కదలికనూ అది సహించలేదు. అందుకే కేరీ మతబోధకుడిగా కాక నీలిమందు వ్యాపారిగా నమోదై బతకవలసి వచ్చింది. ‘సామ్రాజ్యపు వేగు’ కథ మొదటి మెట్టులోనే తడబడుతుంది. అలాగని ఆయన సామ్రాజ్యపు ఆర్థిక వ్యవస్థకు వెలుపల ఉన్నారనీ కాదు. ఆశ్రయమిచ్చినది కంపెనీ వాణిజ్య అధికారి జార్జ్ ఉడ్నీ. కూడు పెట్టినది ఆయన నీలిమందు కర్మాగారం.

ఆ కర్మాగారానికి ముందు తొలి నెలలు ఆకలితోనే గడిచాయి. తెచ్చిన డబ్బును థామస్ విచ్చలవిడిగా ఖర్చుపెట్టేశారు. కుటుంబం కలకత్తా శివార్లలో ఒకచోటు నుంచి మరోచోటుకు, ఆపై సుందరవనాల అంచుకు మారింది. ఇంట్లో విరేచనాలు, జ్వరాలు ఆగలేదు. చెల్లెలు కిట్టీ ఒక కంపెనీ ఉద్యోగిని పెళ్లాడి విడిపోయారు. డొరొతీకి ఉన్న ఒక్క తోడూ పోయింది. 1794లో మాల్దా ప్రాంతంలోని మద్నాబతికి చేరిన కొద్ది నెలలకే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. పరాయివాళ్ల శవాన్ని ముట్టుకోవడానికి, గొయ్యి తవ్వడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. చివరకు నలుగురు ముస్లింలు సాహసించారు. వారిని గ్రామపెద్ద వెలివేశాడు. కర్మాగారం అధికారిగా తనకున్న పలుకుబడితో కేరీ ఆ వెలిని ఎత్తివేయించారు. ఒక బిడ్డ సమాధి తవ్వినందుకు శిక్ష పడిన ఆ నలుగురి పేర్లు ఏ మిషనరీ చరిత్రా ప్రముఖంగా చెప్పదు. తెల్లవాడి మాటకు గ్రామంలో ఉన్న బలం ఎంతటిదో కూడా ఆ సంఘటనే చెబుతుంది.

ఆ మరణం తర్వాత డొరొతీ మనసు చెదిరింది. భర్త శీలంపై అనుమానం పెనుభూతమైంది. వీధిలో వెంటపడి నిందించేవారు. కొన్నిసార్లు దాడికీ దిగేవారు. ఆ స్థితిలోనే 1796లో మరో కొడుకును కన్నారు. పిచ్చాసుపత్రిలో చేర్చమన్న సలహాలను కేరీ తోసిపుచ్చి ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆనాటి పిచ్చాసుపత్రుల దుస్థితి తెలిసినవారు దాన్ని దయగానే భావిస్తారు. కానీ ఇంట్లో ఉంచడమంటే చివరకు గదిలో పెట్టి తాళం వేయడమే అయింది. పక్క గదిలో బైబిలు అనువాదం సాగుతుండగా ఈ గదిలో ఆమె కేకలు సాగేవి. 1807 డిసెంబరు 8న ఆమె మరణించేవరకు, దాదాపు పన్నెండేళ్ల పాటు, ఆ ఇంటి దినచర్య ఇది.

1799 చివర్లో జాషువా మార్ష్‌మన్, హన్నా మార్ష్‌మన్ దంపతులు, ముద్రాపకుడు విలియం వార్డ్, మరికొందరు వచ్చారు. కంపెనీ భూభాగంలో వారికి చోటు లేదు. హుగ్లీ నది ఒడ్డున డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న శ్రీరాంపూర్‌లో గవర్నరు ఓలే బీ ఆశ్రయమిచ్చారు. 1800 జనవరిలో కేరీ కుటుంబం అక్కడ చేరింది. అన్ని కుటుంబాలూ ఒకే ప్రాంగణంలో ఉండేవి. ఒకే వంటశాల, ఒకే భోజనపు బల్ల. ఎవరు ఏమి సంపాదించినా ఉమ్మడి నిధికి చేరాలి. శనివారం సాయంత్రం అందరూ కూర్చుని వారంలో వచ్చిన మనస్పర్థలను తేల్చుకోవాలి. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన భారతీయ పాఠకులకు ఆ నియమం ఎందుకు అవసరమైందో వివరించనక్కర లేదు. మొదటి రెండేళ్లలోనే గ్రాంట్, ఫౌంటెన్, బ్రన్స్‌డన్, థామస్ చనిపోయారు.

ఈ ఇంటిని నిలబెట్టింది హన్నా మార్ష్‌మన్. 1800లోనే భర్తతో కలిసి ఆమె వసతి పాఠశాలలు తెరిచారు. యూరోపియన్ల పిల్లలు చెల్లించే ఫీజులే మొదట్లో మిషన్‌కు ప్రధాన ఆధారం. సొంత బిడ్డల్లో పలువురిని పోగొట్టుకుంటూనే వంటిల్లు, బడి, రోగుల సేవ చూసుకున్నారు. తల్లి ఆలనకు, తండ్రి అదుపుకు నోచుకోక పెరిగిన కేరీ కొడుకులకు మార్గం చూపింది ఆమె, వార్డ్. మిషనరీల జాబితాలో ‘భార్య’గా మాత్రమే లెక్కలోకి వచ్చిన ఈ స్త్రీ ఆదాయం లేకపోతే అచ్చుయంత్రం నడిచేది కాదు.

మరోవైపు, కేరీని బోధకుడిగా వద్దన్న ప్రభుత్వమే భాషా పండితుడిగా కావాలనుకుంది. 1801లో ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ బోధించడానికి నెలకు 500 రూపాయలపై నియమించింది. ప్రొఫెసర్ అయ్యాక జీతం 1000 రూపాయలు. ఆయన స్వల్ప భాగం ఉంచుకుని మిగిలింది ఉమ్మడి నిధికి ఇచ్చేశారు. మత ప్రచారాన్ని శంకించిన కంపెనీ ఖజానా నుంచే బైబిలు ముద్రణకు డబ్బు పారింది. ఆ భాషాకృషి వెనుక రామ్‌రామ్ బసు, మృత్యుంజయ విద్యాలంకార్ వంటి పండితులు, పంచానన్ కర్మకార్ వంటి అచ్చక్షరాల శిల్పులు ఉన్నారు. 1812 మార్చి 11 రాత్రి ముద్రణాలయం తగలబడి కాగితం, అచ్చక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. రెండేళ్లకే, 1814లో, అదే ముద్రణాలయం నుంచి కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. తెలుగువారికి ఈ ఇంటితో ఉన్న బంధం అది.

ఈ కథకు కేంద్రం 1800 డిసెంబరులో ఉంది. కీలు తప్పిన భుజానికి థామస్ చికిత్స చేయగా పరిచయమైన వడ్రంగి కృష్ణపాల్ మిషనరీలతో కలిసి భోజనం చేశారు. బహిరంగంగా కులాన్ని వదులుకోవడమే అది. వార్త పాకింది. పెద్ద గుంపు ఆయన్ను డెన్మార్క్ మేజిస్ట్రేటు ముందుకు ఈడ్చుకెళ్లింది. అధికారి శిక్షించకుండా విడిచిపెట్టారు. డిసెంబరు 28న హుగ్లీ నదిలో ఫీలిక్స్‌తో పాటు కృష్ణపాల్ బాప్తిస్మం పొందారు. ఏడేళ్ల ఎదురుచూపు ఫలించిన ఆ రోజున థామస్‌కు మతి భ్రమించి ఒక గదిలో బంధించవలసి వచ్చింది. డొరొతీ మరో గదిలో ఉన్నారు. నది ఒడ్డున కీర్తనలు, ఇంట్లో ఆర్తనాదాలు. మిషన్ సాధించిన తొలి విజయం, చెల్లించిన మూల్యం ఒకే పూట పక్కపక్కనే నిలిచాయి.

ఆ తర్వాత జరిగినవీ చిన్నవి కావు. దక్షిణాన తరంగంబాడిలో లూథరన్లు సంఘంలో కుల భేదాలను చాలావరకు సహించారు. శ్రీరాంపూర్ ఒప్పుకోలేదు. 1803లో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన కృష్ణప్రసాద్ వడ్రంగి కృష్ణపాల్ కూతురిని పెళ్లాడారు. అదే ఏడాది గోకుల్ అనే క్రైస్తవుడు చనిపోతే మార్ష్‌మన్, ఫీలిక్స్‌లతో పాటు బ్రాహ్మణుడిగా పుట్టిన ఒక క్రైస్తవుడు, ముస్లింగా పుట్టిన పీరూ శవపేటిక మోశారు. పీటర్‌ను పాతిపెట్టడానికి మనుషులు దొరకని తొమ్మిదేళ్ల తర్వాతి మాట ఇది. ఆ శవపేటిక మోసిన భారతీయులు కులం, బంధువులు, పెళ్లి సంబంధాలు పోగొట్టుకున్నారు. కేరీ తలుచుకుంటే ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లగలరు. కృష్ణపాల్‌కు తిరిగి వెళ్లే చోటు లేదు.

రాజ్యం వైఖరి మాత్రం సౌకర్యాన్ని బట్టే నడిచింది. 1806 జూలైలో వేలూరులో సిపాయిలు తిరగబడ్డారు. కారణం సైన్యాధికారులు విధించిన కొత్త తలపాగా, గడ్డాలపైనా నొసటి బొట్లపైనా ఆంక్షలు. నింద మాత్రం లండన్‌లో మిషనరీలపై పడింది. బెంగాల్‌లో వారి ప్రచారంపై కట్టడి వచ్చింది. 1807లో ముస్లింలను నొప్పించే కరపత్రం అచ్చయిందన్న ఆరోపణపై ముద్రణాలయాన్ని కలకత్తాకు తరలించమని ప్రభుత్వం ఆజ్ఞాపించి, విజ్ఞప్తుల తర్వాత వెనక్కి తగ్గింది. 1812లో కలకత్తాలో దిగిన అమెరికన్ దంపతులు ఆడోనిరామ్, ఆన్ జడ్సన్‌లను వెళ్లగొట్టింది. వారు బర్మా చేరారు. 1813 చార్టర్ చట్టంతో లైసెన్సుపై తలుపు తెరుచుకుంది. నిషేధించినప్పుడూ అనుమతించినప్పుడూ పాలకుల లెక్క శాంతిభద్రతలు, పార్లమెంటులో ఓట్లు. మారదలచిన మనిషి మనస్సాక్షి ఆ లెక్కలో లేదు.

రాజ్యాంగం 25వ అధికరణలో ఆ మనస్సాక్షికి చోటిచ్చింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కునూ చేర్చింది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. ఒడిశా 1967లో మొదలుపెట్టిన చట్టాల వరుస ఇప్పుడు పలు రాష్ట్రాలకు పాకింది. ఉత్తరప్రదేశ్‌లో మతం మారదలచిన వ్యక్తి 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. ఈ చట్టాలన్నీ ‘స్వచ్ఛంద సమ్మతి’ పేరుతోనే వచ్చాయి. ప్రలోభం, ఒత్తిడి లేకుండా చూడటం న్యాయమైన ఆశయమే. కానీ సమ్మతిని మేజిస్ట్రేటు ముందు రుజువు చేసుకోవలసిన పరిస్థితి కృష్ణపాల్‌కు గుంపు కల్పించింది. ఇవాళ చట్టమే కల్పిస్తోంది.

మిషన్ కూడా సమ్మతి గురించే మాట్లాడింది. నమ్మి, తానుగా అడిగినవారికే బాప్తిస్మం ఇవ్వాలన్నది బాప్టిస్టుల మూల సిద్ధాంతం. కృష్ణపాల్ విషయంలో ఆ సూత్రాన్ని అక్షరాలా పాటించిన ఇల్లు డొరొతీ విషయంలో పాటించలేదు. మొదట చెప్పిన ‘కాదు’ను లెక్కలోకి తీసుకోకుండా రెండోసారి అడిగి రాబట్టిన ‘సరే’తో ఆమెను సముద్రం దాటించింది. దాని ఫలితాన్ని దైవ సంకల్పం కింద జమకట్టింది. మిషన్‌ను వేగుగానో ఉద్ధారకుడిగానో చూసే చర్చలు ఈ వైరుధ్యాన్ని ఎప్పటికీ పట్టుకోలేవు.

కేరీ 1834లో శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశారు. ఆ మిషన్ 1818లో స్థాపించిన కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి నుంచి వచ్చిన పుస్తకాలు, పత్రికలు, బడుల విలువను కాదనడం చరిత్రకు అన్యాయం. ఆ విలువ పట్టికలో హన్నా ఫీజుల పుస్తకాన్ని, గొయ్యి తవ్విన నలుగురు ముస్లింలను, కృష్ణపాల్ వదులుకున్న బంధువులను, డొరొతీ గదిని చేర్చకపోవడం అంతకు తక్కువ అన్యాయం కాదు. ఎవరి పేరుతోనైనా సమ్మతి గురించి చట్టం చేసేవారు, ఉద్యమం నడిపేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: కాదన్న మనిషి మాట ఇక్కడ చెల్లుతుందా?