పసుపు గుర్తు

సూళ్ళూరుపేట వాళ్ళకు రాకెట్ కొత్త కాదు. కిటికీలు అదిరితే మేడెక్కి ఓసారి చూసి, మళ్ళీ పనిలో పడతారు. 2025 నవంబర్ 2 సాయంత్రం మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 మోసుకెళ్ళిన 4,410 కిలోల ఉపగ్రహం మాత్రం నేవీది. ఓడలు, విమానాలు, ఒడ్డునున్న కేంద్రాలు మాట్లాడుకోవడానికి పంపింది. ఆ మాట అందక సొంతవాళ్ళ చేతిలోనే మునిగిన ఓడలు చాలానే ఉన్నాయి.

1904లో రష్యా యుద్ధనౌకలు ఇంగ్లండ్ పక్కన చేపలు పట్టే పడవల్ని జపాన్ టార్పెడో బోట్లనుకుని కాల్చాయి. జపాన్ ఎక్కడ, ఆ సముద్రమెక్కడ! ఆ గందరగోళంలో సొంత ఓడ అరోరానూ వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన వారానికే, 1939 సెప్టెంబర్ 10న, బ్రిటన్ జలాంతర్గామి ఆక్స్‌లీని మరో బ్రిటన్ జలాంతర్గామి ముంచేసింది.

1944 ఆగస్టు 27 సంగతి వీటికంటే బాధాకరం. ఫ్రాన్స్ తీరంలో సముద్రపు మైన్లు ఏరుతున్న బ్రిటన్ ఓడల మీదికి బ్రిటన్ విమానాలే వచ్చాయి. ‘ఇవి మనవాళ్ళవిలా ఉన్నాయే’ అని పైలట్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కొట్టమనే జవాబొచ్చింది. ఓడల పని ప్రాంతం మారిన కబురు అందాల్సిన చోటికి అందలేదు. 117 మంది పోయారు. కళ్ళు సరిగ్గానే చూశాయి, కాగితం తప్పింది.

ఇప్పుడు రాడార్ ఓ సంకేతంతో ‘ఎవరు నువ్వు?’ అంటుంది. అవతలి యంత్రం సరైన కోడ్‌తో బదులిస్తే మిత్రుడు. బదులు రాకపోతే శత్రువని కాదు, ఎవరో తెలియదని. ఈ తేడా మరిచినప్పుడే ప్రాణాలు పోతాయి.

1971 యుద్ధం అనగానే మనకు విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది. సినిమా కూడా చూశాం. ఆ తర్వాత ఆరు రోజులకు, డిసెంబర్ 10న, ఖుల్నా దగ్గర జరిగింది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మన నేవీ పడవ పన్వెల్‌తో పాటు, బంగ్లాదేశ్ విముక్తికి పోరాడుతున్న ముక్తివాహిని గన్‌బోట్లు ‘పద్మ’, ‘పలాశ్’ కూడా నదిలో సాగుతున్నాయి. పైనుంచి మనవాళ్ళు పోల్చుకోవాలని పడవల నెత్తిన పసుపు గుర్తు పెట్టుకున్నారు. మధ్యాహ్నం విమానాలొచ్చాయి. మన వాయుసేనవే. ముందు పద్మ, తర్వాత పలాశ్ దెబ్బతిన్నాయి. పలాశ్ ఇంజన్ గదిలో ఉన్న రుహుల్ అమీన్ గాయాలతో ఒడ్డు చేరితే పాకిస్తాన్ వైపున్న రజాకార్లు చంపేశారు. బంగ్లాదేశ్ ఆయనకు తన అత్యున్నత శౌర్య పురస్కారం, బీర్ శ్రేష్ఠ, ఇచ్చుకుంది. సమాధి రూప్సా నది ఒడ్డునే ఉంది.