ఫిస్టులా

లాటిన్‌లో ఫిస్టులా అంటే గొట్టం; రెల్లు పిల్లనగ్రోవికీ అదే పేరు. వైద్యంలో మాత్రం ఉండకూడని చోట ఏర్పడిన దారి. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు నాడీవ్రణం అన్నదీ ఇలాంటి గొట్టపు పుండునే. మలద్వారం దగ్గర వస్తే భగందరం. మనకు ఫిస్టులా అనగానే ఈ ఒక్కటే గుర్తొస్తుంది, దాన్నీ మొలలని పొరబడి నాటువైద్యానికి వెళ్లేవాళ్లున్నారు, అదే నా బాధ. పేగులు వాచి పుండ్లుపడే క్రోన్స్ జబ్బులో పేగుకీ మూత్రాశయానికీ మధ్య కూడా ఫిస్టులా పడొచ్చు. చెడిన పేగు ముక్క కోసి, మిగిలిన కొసలు కలిపి కుట్టాక ఆ అతుకు కారితే, పేగులోని ద్రవం పొట్ట చర్మం గుండా బయటికి దారి చేసుకోవచ్చు. నీరు, లవణాలు, పోషకాలు పోతాయి. చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంది. ఆపరేషన్ తర్వాత జ్వరం, గుండెదడ, పెరిగే కడుపునొప్పి, గాయంలోంచి పచ్చటి ద్రవం కనిపిస్తే వెంటనే సర్జన్‌కు చూపించండి.