గార్చాంప్ నిషేధ వివాదం

పోకెమాన్ పోటీ ఆటలో గార్చాంప్‌ను ప్రధాన స్థాయిలో ఆడనివ్వాలా, నిషేధించాలా అన్న అంశంపై నాలుగు, ఐదు తరాల ఆటల కాలంలో నడిచిన చర్చను గార్చాంప్ నిషేధ వివాదంగా చెప్పుకోవచ్చు. ఆటగాళ్ళే నడుపుకునే స్మోగన్ సమాజం దీనికి ప్రధాన వేదిక. బలం ఎక్కువైనందుకు ఒక పోకెమాన్‌ను పక్కన పెట్టడం అప్పటికి కొత్తేమీ కాదు. దోషం పోకెమాన్‌దా, దానికున్న ఒకే ఒక్క అబిలిటీదా అన్న ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చినందువల్లే ఈ వివాదానికి ప్రత్యేకత వచ్చింది.

నింటెండో అధికారిక పోటీల్లో నిషేధం సాధారణంగా వర్గాన్ని బట్టి ఉంటుంది. మ్యూటూ, మ్యూ అనే పోకెమాన్లు తొలినాళ్ళ నుంచీ నిషేధ జాబితాలో ఉన్నవే. కథలో పురాణ ప్రాణులుగా కనిపించేవాటిని నిర్వాహకులు ముందే పక్కన పెడతారు, లేదా జట్టుకు ఇన్నే అని పరిమితి విధిస్తారు. 2004లో మొదలైన స్మోగన్ దారి వేరు. అక్కడ స్థాయిలు వాడకాన్ని బట్టి ఏర్పడతాయి. ఎక్కువ మంది వాడేవి ఓవర్‌యూజ్డ్ స్థాయిలో ఉంటాయి. ఆ ఆటను పాడుచేస్తున్నాయని తేలినవి ఊబర్ జాబితాకు వెళ్తాయి. ఊబర్ లక్షణాలను నాలుగో తరం నాటి చర్చలు మూడుగా విడదీశాయి: పెద్దగా శ్రమ లేకుండా చాలా జట్లను ఊడ్చేయగలగడం, దాదాపు ప్రతి దాడినీ తట్టుకుని నిలవగలగడం, తోటి పోకెమాన్ ఊడ్చేయడానికి పదేపదే దారి సుగమం చేయగలగడం. గార్చాంప్‌పై వచ్చిన ఆరోపణ మొదటి కోవకు చెందుతుంది.

డ్రాగన్–గ్రౌండ్ రకానికి చెందిన గార్చాంప్ 2006 సెప్టెంబరులో జపాన్‌లో విడుదలైన డైమండ్, పెర్ల్ ఆటలతో వచ్చింది. సినో ప్రాంతపు ఛాంపియన్ సింథియా జట్టులో 66వ లెవెల్ గార్చాంప్‌ను ఎదుర్కొన్నవారికి దాని దెబ్బ కథ ఆడేటప్పుడే తెలుసు. దాని మూల గణాంకాల మొత్తం 600. టిరానిటార్, సలమెన్స్, మెటాగ్రాస్‌లదీ అంతే, అవి ఓవర్‌యూజ్డ్‌లో ఆడుతున్నవే. అందుకే మొత్తాన్ని చూపించి గార్చాంప్‌ను బయటికి పంపడం కుదరలేదు. ఆ 600 పంపకంలోనే కిటుకు ఉంది. ప్రాణం 108, దాడి 130, వేగం 102. నాలుగో తరంలో చాలా జట్ల వేగం 100 దగ్గరే గుమిగూడింది: జిరాచి, సెలెబి, జాప్డోస్, సలమెన్స్, ఫ్లైగన్ అన్నీ అక్కడే. 100వ లెవెల్‌లో వేగాన్ని పూర్తిగా పెంచి, వేగానికి అనుకూలమైన స్వభావం ఇస్తే వీటికి దక్కేది 328. గార్చాంప్‌కు 333. ఆ ఐదు పాయింట్ల తేడాతో ప్రతిసారీ మొదటి దెబ్బ దానిదే అవుతుంది.

ఇక స్వోర్డ్స్ డాన్స్ అనే మూవ్ ఒక్కసారి వేస్తే దాడి రెట్టింపవుతుంది. ఆ తర్వాత 120 శక్తి గల ఔట్‌రేజ్, 100 శక్తి గల ఎర్త్‌క్వేక్ చాలు. ఈ రెండింటినీ కలిపి తట్టుకునేవి స్కార్మొరీ, బ్రాంజాంగ్ వంటి కొన్నే. వాటికోసం ఫైర్ ఫాంగ్‌నో ఫైర్ బ్లాస్ట్‌నో నాలుగో మూవ్‌గా పెట్టేవారు. ఐస్ రకం దాడులు గార్చాంప్‌కు నాలుగింతలు తగులుతాయన్నది నిజం. నిషేధాన్ని వ్యతిరేకించినవారు మొదట చూపించింది ఈ బలహీనతనే. మామోస్వైన్, వీవైల్ ఐస్ షార్డ్‌తో ముందుగా కొట్టగలవు కదా అని వారి వాదన. అయితే ఐస్ దెబ్బను ఒక్కసారికి సగం చేసే యాచీ బెర్రీ చేతిలో ఉంటే ఆ లెక్క తారుమారవుతుంది.

ఇంతవరకు చెప్పుకున్నది బలం సంగతి. వివాదంలో అసలు ముడి శాండ్ వెయిల్ దగ్గర పడింది. ఇసుక తుపాను వీస్తున్నంతసేపు గార్చాంప్‌పై వచ్చే దాడుల కచ్చితత్వాన్ని ఈ అబిలిటీ ఐదో వంతు తగ్గిస్తుంది. నాలుగో తరంలో టిరానిటార్ గానీ హిప్పౌడన్ గానీ బరిలోకి దిగితే చాలు, తుపాను మొదలవుతుంది. వేరే వాతావరణం వచ్చి చెరిపేదాకా ఆగదు. గ్రౌండ్ రకం కావడంతో గార్చాంప్‌కు ఆ ఇసుక వల్ల నష్టమూ లేదు. నూటికి నూరు తగలాల్సిన ఐస్ బీమ్ నూటికి ఎనభైకి పడిపోతుంది. చేతిలో బ్రైట్‌పౌడర్ కూడా ఉంటే డెబ్బై రెండుకు. వరుసగా మూడు దెబ్బలూ తగిలే అవకాశం అప్పుడు నూటికి 37 మాత్రమే.

ఒక మలుపును దగ్గర నుంచి చూస్తే ఆటగాళ్ళ కోపం అర్థమవుతుంది. గార్చాంప్ తన ప్రాణంలో నాలుగో వంతు ఖర్చు పెట్టి సబ్‌స్టిట్యూట్ బొమ్మను నిలబెడుతుంది. ఎదుటి స్టార్మీ ఐస్ బీమ్ వేస్తుంది. తగిలితే బొమ్మ పోతుంది, గార్చాంప్ మరో బొమ్మ పెడుతుంది. ఈసారి దెబ్బ తప్పితే బొమ్మ అలాగే ఉంటుంది, తర్వాతి టర్న్‌లో గార్చాంప్ స్వోర్డ్స్ డాన్స్ వేసుకుంటుంది. స్టార్మీ ఆటగాడు చేయాల్సిందంతా సరిగ్గానే చేశాడు. సరైన పోకెమాన్, సరైన మూవ్, సరైన సమయం. అయినా ఆట చేజారింది. నిషేధం కోరినవారి వాదనల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. ఎగవేతను పెంచే డబుల్ టీమ్, మినిమైజ్ మూవ్‌లను పోటీ ఆటలో అప్పటికే నిషేధించారు. మూవ్‌కు వర్తించిన న్యాయం అబిలిటీకి ఎందుకు వర్తించదన్న ప్రశ్నకు ఎదుటి పక్షం గట్టి జవాబు చెప్పలేకపోయింది.

అప్పట్లో ఎక్కువ పోటీలు షాడీ బ్యాటిల్ సిమ్యులేటర్‌లో జరిగేవి. లాడర్‌పై తగిన రేటింగ్ తెచ్చుకున్న ఆటగాళ్ళు ఓటు వేసే సస్పెక్ట్ టెస్ట్ పద్ధతి ఆ కాలంలోనే రూపు దిద్దుకుంది. 2009 నాటికే గార్చాంప్ ఊబర్ జాబితాలో ఉంది.

ఈ నిషేధానికి కారణం విషయంలో రెండు కథనాలున్నాయి. బలమే కారణమనేవారు సలమెన్స్‌ను సాక్ష్యంగా చూపిస్తారు. గార్చాంప్ వెళ్ళిపోయాక డ్రాగన్లలో సలమెన్స్ పెత్తనం పెరిగింది, అదీ 2010లో నిషేధానికి గురైంది. శాండ్ వెయిల్ లేకుండానే ఒక డ్రాగన్‌పై వేటు పడింది కాబట్టి ఈ వాదనను తోసిపుచ్చలేం. రెండో కథనం ప్రకారం అదృష్టాన్ని ఆయుధంగా మార్చిన అబిలిటీదే ప్రధాన దోషం. నాలుగో తరంలో దీన్ని పరీక్షించే వీలే లేదు. గార్చాంప్‌కు అప్పుడు ఉన్నది ఒక్క శాండ్ వెయిలే. దాన్ని నిషేధించినా, గార్చాంప్‌ను నిషేధించినా ఫలితం ఒకటే.

ఆ వీలు ఐదో తరంలో దొరికింది. 2010లో వచ్చిన బ్లాక్, వైట్ ఆటలు దాగున్న అబిలిటీలను పరిచయం చేశాయి. గార్చాంప్ వంతుకు వచ్చింది రఫ్ స్కిన్. తాకి కొట్టినవారి ప్రాణంలో ఎనిమిదో వంతు పోగొట్టడమే దాని పని. ఐదో తరంలోనూ గార్చాంప్ కొంతకాలం ఊబర్‌లో గడిపింది. తర్వాత స్మోగన్ శాండ్ వెయిల్‌నూ, మంచులో అలాగే పనిచేసే స్నో క్లోక్‌నూ నిషేధించి, రఫ్ స్కిన్ గార్చాంప్‌ను ఓవర్‌యూజ్డ్‌లోకి అనుమతించింది. అది మళ్ళీ ఎక్కువగా వాడే పోకెమాన్లలో ఒకటైంది గానీ ఆటను కూలదోయలేదు. అవే గణాంకాలు, అదే స్వోర్డ్స్ డాన్స్, అదే ఔట్‌రేజ్. రెండో కథనానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకడం కష్టం. ఐదో తరంలో ఎదుటి పక్షాల బలం కూడా పెరిగిందన్న అభ్యంతరం ఉంది, దానిలో కొంత నిజమూ ఉంది.

ఈ పరిష్కారానికీ ఒక మూల్యం ఉంది. శాండ్ వెయిల్ ఉన్న శాండ్‌స్లాష్, కాక్టర్న్ లాంటి బలహీనమైన పోకెమాన్లు ఎవరినీ ఏడిపించిన దాఖలా లేదు, అవీ ఆ అబిలిటీని కోల్పోయాయి. ఒక పోకెమాన్‌కు ఒక అబిలిటీతో జత కుదిరినప్పుడు మాత్రమే నిషేధం పెట్టవచ్చా అన్న చర్చ అదే తరంలో వర్షపు జట్ల విషయంలోనూ నడిచింది. 2011లో ఆల్డరాన్ అనే ఆటగాడి ప్రతిపాదన మేరకు డ్రిజిల్, స్విఫ్ట్ స్విమ్ అబిలిటీలు ఒకే జట్టులో కలిసి ఉండకూడదని నిర్ణయించారు. ఇలాంటి జంట నిషేధాలకు హద్దు ఉండదని భయపడినవారు శాండ్ వెయిల్ విషయంలో సూటి నిషేధానికే మొగ్గారు.

2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల్లో డ్రాగన్ దాడులు అసలు తగలని ఫెయిరీ రకం ప్రవేశించింది. అబిలిటీ వల్ల వచ్చే వాతావరణం ఐదు టర్న్‌లకు, ప్రత్యేక రాయి ఉంటే ఎనిమిదికి పరిమితమైంది. గార్చాంప్‌కు వచ్చిన మెగా రూపంలో దాడి 170కి పెరిగింది, వేగం మాత్రం 92కు తగ్గింది. అంటే 100 దగ్గరి గుంపును దాటే ఆధిక్యం దానికి లేకుండా పోయింది. ఇద్దరేసి పోకెమాన్లు దిగే అధికారిక డబుల్స్ పోటీల్లో గార్చాంప్ పురాణ వర్గంలోకి రాదు కాబట్టి ఆ అడ్డంకి దానికి ఎదురవలేదు. 2014లో వాషింగ్టన్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పేరు చెప్పగానే అందరికీ ఆయన జట్టులోని పాచిరిసు అనే పోకెమాన్ గుర్తొస్తుంది. ఆ జట్టులో గార్చాంప్ కూడా ఉంది.