టర్న్‌టేబుల్: కొనే ముందు తెలుసుకోవాల్సినవి

ఆడియో పరికరాలకు పేరున్న ‘హై ఎండ్’ ప్రదర్శన 2004 నుంచి 2025 వరకు జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగింది. 2026 నుంచి వేదిక వియన్నా. కారు ధర పలికే టర్న్‌టేబుళ్లు కూడా అక్కడ పెడతారు. అయితే ధర ఎంతైనా పని ఒక్కటే: రికార్డును సరైన వేగంతో తిప్పడం, గాడిలోని పాటను సూదితో పట్టుకోవడం.

తిప్పే పద్ధతి: బెల్ట్ డ్రైవ్‌లో మోటారు రబ్బరు బెల్టుతో పళ్లెాన్ని తిప్పుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో పళ్లెం నేరుగా మోటారు మీదే ఉంటుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఈ రెండో రకం.

వేగం, సూది: ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, పాత లక్క రికార్డు 78. లక్క రికార్డు గాడి వెడల్పు, దానికి వేరే సూది కావాలి. గ్రామఫోన్ ఉక్కు సూదితో ఎల్‌పీ వేస్తే గాడి అరిగిపోతుంది, మళ్లీ బాగుకాదు.

బరువు: మూవింగ్ మాగ్నెట్ కాట్రిడ్జ్‌లలో చాలావాటికి సూది బరువు 2 గ్రాముల దగ్గర ఉంటే సరిపోతుంది.

ఫోనో ప్రీయాంప్: ఇది లేకపోతే శబ్దం సన్నగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. కొన్ని టర్న్‌టేబుళ్లలో లోపలే ఉంటుంది.

ఇంట్లో దాదాగారి కాలం ఖవ్వాలీ రికార్డులుంటే అవి ఎల్‌పీలా, 78లా ముందు చూసుకోండి. సూది సంగతి అడిగాకే ప్లేయర్ కొనండి. ప్లేయర్ మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ రికార్డు మళ్లీ దొరక్కపోవచ్చు.