మళ్లీ వెలిగించడం: విశాఖ ఉక్కు కొలిముల చరిత్రలో ఒక ఉపేక్షిత అధ్యాయం

విశాఖ ఉక్కు కర్మాగార చరిత్రను చెప్పే రచనలు సాధారణంగా కొన్ని తేదీలను ఆశ్రయించి నడుస్తాయి. 1966 నాటి ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, అందులో 32 మంది ప్రాణత్యాగం, 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో చేసిన ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ స్థాపన, 1990లో తొలి బ్లాస్ట్ కొలిమి ‘గోదావరి’ వెలగడం, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం. ఇవన్నీ ప్రారంభాలు. ఆగిన యంత్రాన్ని బాగుచేసి తిరిగి పనికి సిద్ధపరచిన సందర్భాలకు ఈ వరుసలో చోటు దొరకలేదు. వాటికి శిలాఫలకాలుండవు గనుక చరిత్రకారుల చూపు అటు పోలేదనుకోవాలి. అయితే కర్మాగారం ఎంతకాలం బతుకుతుందన్నది ఆ సందర్భాల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకు 2014లో గోదావరి పునఃప్రారంభాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుని, దానికి సమకాలికమైన ‘ఆదిత్య’ కేంద్రక సంలీన యంత్రంతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మాట సంగతి. తెలుగు పాఠ్యపుస్తకాలు ‘బ్లాస్ట్ కొలిమి’ అన్నాయి. ఊళ్లో కమ్మరి కొలిమి పొద్దున రాజుకుని సాయంత్రానికి ఆరుతుంది. ఆర్పడం, వెలిగించడం అతని దినచర్యలో భాగం. బ్లాస్ట్ కొలిమి అలా కాదు. ఒకసారి వెలిగితే లోపలి ఇటుక పొర అరిగేదాకా, అంటే పదిహేను ఇరవై ఏళ్లు మండవలసినదే. పేరు కమ్మరిదే అయినా ఈ నిప్పు స్వభావం వేరు. కాబట్టి ఒక కార్మికుడు తన ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకటో రెండో సార్లు మాత్రమే దీన్ని పూర్తిగా ఆర్పి వెలిగించడం చూస్తాడు. అరుదుగా అవసరమయ్యే విద్య మరపునకు గురి కావడం సులభం.

1990లో వెలిగిన గోదావరి ఘనపరిమాణం 3,200 ఘనపు మీటర్లు. సుమారు రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన తరువాత దానికి పెద్ద మరమ్మతు జరిగింది. 2014లో 3,800 ఘనపు మీటర్ల కొలిమిగా అది తిరిగి పనిలోకి వచ్చింది. ఇటువంటి మరమ్మతుకు ముందు కొలిమిని ఖాళీ చేయాలి. ద్రవ ఇనుమును తీసే రంధ్రానికి కూడా దిగువన, అడుగుభాగంలో కొంత లోహం మిగిలిపోతుంది. దాన్ని ‘సాలమాండర్’ అంటారు. నిప్పులో బతుకుతుందని పాశ్చాత్యులు కల్పించుకున్న బల్లి పేరది. అది గడ్డకట్టక ముందే కొలిమి అడుగున కొత్తగా తొలిచి బయటికి పారించాలి. ఆలస్యమైతే ఆ గడ్డను పగలగొట్టడమే మరొక పెద్ద పని అవుతుంది.

కొత్త పొర కట్టిన తరువాత అసలు సన్నాహం మొదలవుతుంది. అందులో అధిక భాగం తేమతో పోరాటం. ఇటుకలో, వాటిని పట్టి ఉంచే గారలో నీరు ఉంటుంది. ఒక్కసారిగా వేడి తగిలితే అది ఆవిరై పొరను పగలగొడుతుంది. అందువల్ల వేడిగాలిని పంపి, ఉష్ణోగ్రతను అంచెలంచెలుగా పెంచి, రోజుల తరబడి ఆరబెడతారు. సముద్రపు గాలి నిత్యం తగిలే విశాఖలో ఈ ఓపిక మరింత అవసరమని వేరే చెప్పనక్కరలేదు. తరువాత ఒత్తిడి పెట్టి కీళ్లన్నీ పరీక్షిస్తారు. వాయు గొట్టాలలోని గాలిని ఆవిరితోనో నైట్రోజన్‌తోనో వెళ్లగొడతారు. కార్బన్ మోనాక్సైడ్‌లో గాలి కలిస్తే పేలుడు తప్పదు. అడుగున కట్టెలు పేర్చి, వాటిపై కోక్, సున్నపురాయి నింపి, పైకి పోయేకొద్దీ ఖనిజం పాలు పెంచుతారు. అప్పుడు టుయర్లు అనే ముక్కుల గుండా వేడిగాలి వదిలితే నిప్పు అంటుకుంటుంది. మొదట వచ్చే ఇనుములో సిలికాన్ ఎక్కువ. కొలిమి కుదురుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

గుజరాత్‌లోని గాంధీనగర్ సమీపాన ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ‘ఆదిత్య’ టోకమాక్ పనిచేయడం ప్రారంభించింది. దేశంలోనే రూపొందించి నిర్మించిన తొలి టోకమాక్ అది. అంటే గోదావరికి ఒక ఏడాది పెద్ద. దాన్నీ విప్పి, లోపలి పాత్రను మార్చి తిరిగి కూర్చారు. ‘ఆదిత్య-యు’ పేరుతో 2016 డిసెంబరులో మళ్లీ ప్లాస్మా పుట్టింది. సూర్యుని పేరు ఒకదానికి, నది పేరు మరొకదానికి. పేర్లను అటుంచితే, రెండింటి సన్నాహాలలోనూ ప్రధాన శత్రువు ఒకటే. టోకమాక్ పాత్రను తెరిచినపుడు దాని గోడలు గాలిలోని తేమను పట్టుకుంటాయి. ఆ నీటి నుంచి వచ్చే ఆక్సిజన్ ప్లాస్మాలో కలిసి దాని వేడిని కాంతిగా వెదజల్లి చల్లబరుస్తుంది. అందుకే హీలియంతో లీకులు వెతికి, పాత్రను శూన్యంలో వేడిచేసి, హైడ్రోజన్ విద్యుదుత్సర్గంతో గోడలను మళ్లీమళ్లీ శుభ్రపరుస్తారు. గోదావరిలో నిప్పు ఏళ్ల తరబడి ఉంటుంది, ఆదిత్యలో ప్లాస్మా సెకనులో కొంత భాగం మాత్రమే నిలుస్తుంది. సన్నాహంలో కావలసిన ఓపికకు మాత్రం ఈ తేడా వర్తించలేదు.

ప్రణాళిక ప్రకారం ఆపడం వేరు, ఆగిపోవడం వేరు. గోదావరి తిరిగి వెలిగిన ఏడాదే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. విద్యుత్తు పోయి కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. హెచ్చరిక లేకుండా గాలి ఆగితే ద్రవరూపంలోని లోహం, లోహమలం ఎక్కడివక్కడ గడ్డకట్టే ప్రమాదముంటుంది. కోక్ బ్యాటరీల సంగతి ఇంకా సున్నితం. వాటి సిలికా ఇటుక చల్లబడితే స్ఫటిక రూపం మారి చీలిపోతుంది. తుపాను తరువాతి పునరుద్ధరణను పత్రికలు టన్నుల నష్టంగా లెక్కగట్టాయి. ఎవరు ఏ క్రమంలో ఏమి చేశారన్నది చరిత్రగా నమోదు కాలేదు.

మూడవ రకం ఆగడం ఇటీవలిది. 2021 జనవరి 27న పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయ ఆమోదం తెలిపిన తరువాత నిధుల, ముడిసరుకుల కొరత పదేపదే ముందుకు వచ్చింది. 2024 సెప్టెంబరులో ఒక దశలో మూడు కొలిముల్లో ఒక్కటే మండింది. 2025 జనవరి 17న రూ.11,440 కోట్ల ప్యాకేజీకి కేంద్ర మంత్రివర్గ ఆమోదం ప్రకటించారు. ఆ ఏడాది మధ్యనాటికి మూడూ తిరిగి పనిలోకి వచ్చాయి. ఇక్కడ ఆగినవి అరిగిపోయిన కొలిములు కావు. 2012లో వెలిగిన ‘అన్నపూర్ణ’ వీటిలో అన్నిటికన్నా కొత్తది. కొరత వల్ల ఆగిన దాన్ని మరమ్మతు పద్దులో రాయడం చారిత్రకంగా సరికాదని నా అభిప్రాయం.

1990లో తొలి నిప్పు చూసిన తరం ఇప్పటికి దాదాపుగా పదవీ విరమణ చేసింది. 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కూడా అమలయింది. ఉద్యమకారుల జ్ఞాపకాలు కొంతవరకైనా పుస్తకాలకెక్కాయి. గాజువాక, కూర్మన్నపాలెం వీధుల్లో ఈనాటికీ ఉన్న కొలిమి కార్మికుల మౌఖిక కథనాలను, వారు ఆ పనులకు వాడిన మాటలతో సహా, సేకరించే పని తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టవలసి ఉంది. 1990, 2014 రెండూ చూసినవారిని ముందుగా కలవాలి.