మన్రో పట్టాకు ముందూ వెనకా

బ్రహ్మంగారిమఠం చుట్టుపక్కల పాత రైతు కుటుంబాల్లో వంశచరిత్ర దాదాపు ఒకే తీరుగా వినిపిస్తుంది. మూలపురుషుడు వలస వచ్చాడు, అడవి కొట్టి చేను చేశాడు, మన్రో దొర పట్టా ఇచ్చాడు, ఆనాటి నుంచి భూమి చేయి మారలేదు. అడవి కొట్టిన మాట మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పట్టా దగ్గరే.

అంతకుముందు కాలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాల నాటికే మన ఈ రేనాడు సేద్యపు సీమ. ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కైఫీయతుల్లో ఊళ్లు కట్టినవాళ్ల కథలున్నాయి గానీ, మామూలు రైతు పేరు అరుదు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలాడు. 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో పొలాలు కొలిపించి, రైతు పేరునే పన్ను విధించాడు. ఇదే రైతువారీ. అయితే ఆనాటి పట్టా శాశ్వత హక్కుపత్రం కాదు, ఆ ఏటి పన్ను లెక్క. రైతు ఒక చేనుకు రాజీనామా ఇచ్చి మరో చేనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైగా మన్రో వెళ్లగానే ఊళ్లకు ఊళ్లనే గుత్తకిచ్చారు: 1808లో మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు. సర్కారుకు కావలసింది గుత్తదారు పేరే. 1820లో మన్రో గవర్నరై వచ్చాకే రైతువారీ మళ్లీ నిలదొక్కుకుంది, పన్నూ పావు వంతు తగ్గింది. కాబట్టి ఆ నడిమి లెక్కల్లో తాత పేరు లేనంత మాత్రాన ఆయన ఊళ్లో లేడనలేం. గుత్తదారు కింద అదే చేను దున్నుతూ ఉండవచ్చు. ముందూ వెనకా ఒకే పేరు కనబడినా అది ఒకే మనిషిదని నమ్మలేం. తాత పేరు మనవడికి పెట్టే సీమ మనది. అందులోనూ మఠం చుట్టూ ఊరూరా వీరబ్రహ్మయ్యలూ సిద్ధయ్యలూ ఈశ్వరమ్మలే.

నా మటుకు పట్టా కంటే భాగపత్రాన్నే నమ్ముతాను. అందులో చేనుకు నాలుగు హద్దులు, వంక, చింతచెట్టు కాపులో వాటా, బావిలో ఇన్నో వంతు, కపిల తోలుకునే వంతు రోజులు రాసి ఉంటాయి. ఆరో వంతు, పన్నెండో వంతు అంటూ పోయే ఆ బావి వాటాలను వెనక్కి కలుపుకుంటూ వెళితే అన్నదమ్ములు, వాళ్ల తండ్రి, బావి తవ్వించినవాడు వరసగా బయటపడతారు. అప్పుడప్పుడు పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకిచ్చిన చేను కూడా కనబడుతుంది. వంశవృక్షాల్లో ఆమె పేరు వదిలేయడం అన్యాయమే కాదు, ఆధారాన్ని చేజేతులా పోగొట్టుకోవడం.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అది రద్దు కావలసిందే, కానీ కరణాల ఇళ్లలోని ఊరి లెక్కల కవిలెలు చెదలపాలు కాకుండా చూసినవాళ్లు తక్కువ. కడపలో సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం కైఫీయతులను అచ్చువేసి పెద్ద మేలు చేసింది. కుటుంబ కాగితాలకు మాత్రం అలాంటి దిక్కు లేదు. 2020లో మొదలైన రీసర్వేలో కొలతలు మెరుగయ్యాయంటే ఒప్పుకుంటాను. కానీ సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. రెండింటినీ జతచేసే పట్టిక దగ్గర లేకపోతే రేపు ముత్తాత భాగపత్రం చేతిలో ఉన్నా, అది ఏ చేనుదో తేల్చడం కష్టం.