తల్లికి వందనం: విడిపోయిన తల్లిదండ్రులు, ఉమ్మడి సంరక్షణ

విడిపోయిన దంపతులు బిడ్డను చెరి సగం రోజులు పెంచుకుంటున్నప్పుడు, ఆ బిడ్డ చదువుకొచ్చే ప్రభుత్వ సాయం ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న ముఖ్యంగా తల్లికి వందనం పథకం దగ్గరే వస్తుంది. దానికి ముందు 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, ఎందరు పిల్లలున్నా తల్లికి ఒక్కరి లెక్కనే ఇచ్చేది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి బిడ్డకూ ఏటా 15,000 రూపాయలు లెక్కగడుతుంది. బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడతాయి. తల్లి లేని పిల్లలకైతే తండ్రికో సంరక్షకుడికో ఇస్తారు. బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని రాత్రులు పడుకుందో ఎవరూ అడగరు. సగం సగం పంచే పద్ధతీ లేదు.

అసలు చిక్కు గ్రామ, వార్డు సచివాలయంలో, ఒకే ఇంటివాళ్లెవరో నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ దగ్గర. తల్లి తెనాలిలోని పుట్టింటికి వచ్చేసింది, తండ్రి రేపల్లెలోనే ఉన్నాడనుకుందాం. పాప బడి తెనాలిలో. వారంలో సగం రోజులు బడి వదలగానే పుస్తకాల సంచితోనే రేపల్లె రైలెక్కుతుంది. మ్యాపింగ్‌లో మాత్రం ముగ్గురూ ఇంకా ఒకే ఇంటివాళ్లు. రేపల్లె ఇంట్లో కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటినా, తండ్రి పేరున సొంత కారున్నా, తెనాలిలో ఉన్న తల్లి అనర్హురాలైపోతుంది. ఇది అన్యాయం. పైగా మ్యాపింగ్‌లోని ఆ ఒక్క ఇల్లు ఇప్పుడు రెండు జిల్లాల్లో ఉంది: 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. సొమ్ము ఆధార్‌కు లింకైన ఖాతాకే పోతుంది కాబట్టి, కాపురంలో ఉండగా తెరిచిన జాయింటు ఖాతాయే ఇంకా లింకై ఉంటే తల్లి ముందుగా దాన్ని మార్పించుకోవాలి.

ఇక సంరక్షణ చట్టం సంగతి. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం. ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటివ్వాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో కోరింది. కెనడాలో స్థిరపడిన తెలుగువారికి ఈ బాధ లేదు: సంరక్షణ దాదాపు సమానమైతే అక్కడి పిల్లల భత్యం ఇద్దరికీ చెరి సగం. అమెరికాలో పన్ను రాయితీకి రాత్రులు లెక్కిస్తారు. అవీ సమానమైతే ఆదాయం ఎక్కువున్నవారిదే హక్కు.

ఇక్కడ ఆ పంపకం పని పరస్పర అంగీకార విడాకుల ఒప్పందమే చేయాలి. పథకం సొమ్ము తల్లి ఖాతాలో పడ్డాక ఫీజుకెంత, పుస్తకాలకెంత, రైలు పాసుకెంత అన్నది అందులోనే రాసుకోవడం మంచిది. ఆ 13,000 చూపించి తండ్రి భరణం తగ్గించమనడం మాత్రం సబబు కాదు. అది బిడ్డ చదువుకని ప్రభుత్వమిచ్చింది, ఆయన ఇచ్చింది కాదు.